హసింతో దగ్గర సున్నా

ఆ ఆదివారం పొద్దున ఊరి స్టేడియం గేటుకి తీలో పేరు పెట్టారు. ఎండ మాడ్చేస్తోంది. మేయరు మాట్లాడాడు, చక్కెర మిల్లు పెద్దమనిషి మాట్లాడాడు, తీలోతో ఒక్కనాడూ ఆడనివాళ్ళు కూడా కలిసి ఆడినట్టే మాట్లాడారు. సముద్రం దాటి ఉత్తరాదిన, బేస్‌బాల్ పెద్ద లీగులో రెండు వేల పైచిలుకు హిట్లు కొట్టిన మొనగాడన్నారు. మూడుసార్లు బ్యాటింగ్ కిరీటం గెలిచాడన్నారు. విరిగిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఫైనల్లో బంతిని గోడ దాటించాడన్నారు.

అన్నీ నిజాలే. కానీ నిజమైన మాటలు కూడా అదే పనిగా వింటూ కూచుంటే ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టు ఉంటుంది. తీలోకి మోకాళ్ళు సలుపుతున్నాయి. కలిపిన చెయ్యే మళ్ళీ కలిపి అరచెయ్యి మొద్దుబారిపోయింది. ఆఖర్న తెర లాగి, గోడకున్న ఇత్తడి పలక చూపించి, "చదవండి, దొన్ తీలో, మీ నోటితోనే చదవండి" అన్నారు.

తీలో దగ్గరికెళ్ళాడు. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. "బాగుంది. చాలా బాగుంది" అన్నాడు. పాపం కన్నీళ్ళొచ్చి చదవలేకపోయాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

కన్నీళ్ళు కావవి, నీటికాసుల జబ్బు. రాజధానిలో డాక్టరు ఈస్టరు ముందే చెప్పేశాడు. కంటి నరం ఎండిపోతోందట, పక్కచూపు ఇప్పటికే పోయిందట, ఇక మిగిలింది గొట్టంలోంచి చూసినంత మేరేనట. అది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. చుక్కల మందు సీసాని తీలో గోడకి వేలాడే పాత గ్లవ్‌లో దాచాడు. భార్య నూరిస్‌కి చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఆయన పేరంతా ఆ కళ్ళ మీద నిలబడిందే. గాలిలో తిరిగే బంతి మీద కుట్లు కనబడేవి ఆయనకి. తీలో బ్యాటు ఊపలేదంటే అది చెడ్డ బంతేనని అంపైర్లు సైతం ఆయన మొహం చూసి తీర్పు చెప్పేవాళ్ళు.

ఇంటికొచ్చేసరికి నూరిస్ అరటికాయ ముద్ద చేసి, మీద చీజ్ వేయించి పెట్టింది. ఆమెకి కిరీటాలంటే పెద్ద లెక్క లేదు. బహుమతిగా వచ్చిన వెండి బ్యాట్ల మీద తువ్వాళ్ళు ఆరేస్తుంది.

"ఏమయ్యా, గేటుకి పేరు పెట్టినందుకు ఇక గేటు తాళం కూడా నిన్నే వెయ్యమంటారా?" అంది.

"వెయ్యమన్నా అంటారు" అన్నాడు తీలో. సగం తిని వదిలేశాడు. పడుకుందామని లేచాడు. ఇంతలో వీధిలోంచి ఆ గొంతు వినబడింది.

"ఒరేయ్ గేటూ! వచ్చావా ఇంటికి? నా దగ్గర నీది ఇంకా సున్నాయేనని ఆ పలక మీద రాశారా, మర్చిపోయారా?"

అది హసింతో గొంతు. ఎదురింటి మంగలి. ఇద్దరూ చెప్పుల్లేకుండా ఆ వీధిలో కలిసి పెరిగారు. పొట్టివాడని హసింతోని ఏ జట్టూ తీసుకోలేదు. కానీ ఆ వీధిలో అసలు బంతితో ఎవడాడతాడు? నీళ్ళ డబ్బా మూత బంతి, చీపురు కర్ర బ్యాటు. ఆ మూతని హసింతో చేతిలో చూడాలి! నడుం దగ్గర్నించి విసిరితే నేల మీద పాకుతూ వచ్చి, మధ్యలో పైకి లేచి, చెవి దగ్గర చటుక్కున వంగేది. పెద్ద లీగులో బంతి విసరడంలో పేరుమోసిన పిచర్లందరినీ చితక్కొట్టిన తీలో, ఈ మంగలి మూతని మాత్రం ఒక్కసారీ కొట్టలేకపోయాడు. ప్రతి చలికాలం ఊరొచ్చేవాడు, ప్రతి ఆదివారం కర్ర పట్టేవాడు, ప్రతిసారీ సున్నాతో తిరిగొచ్చేవాడు.

ఆ మాటకొస్తే కొట్టకపోలేదు. ఆ వీధి నెత్తి మీద కరెంటు తీగలు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. కొట్టిన మూత తీగకి తగిలితే ఆ దెబ్బ చెల్లదు. మూత విసిరినవాడు "తీగ!" అని అరవాలి. తగువొస్తే, కొట్టినవాడు ఏం చూశాడో అదే ఆఖరి మాట. తీలో రెండు మూడుసార్లు బ్రహ్మాండంగా బాదాడు. వీధంతా తగల్లేదని వాదించినా, "తగిలింది, నేను చూశాను" అని తనే ఒప్పుకుని కర్ర కింద పెట్టాడు. అందుకే తీగ విషయంలో తీలో కన్ను అంటే ఆ వీధికి కోర్టు.

డాక్టరు చెప్పిన రోజు నుంచీ తీలో మనసులో ఒకటే ఉంది. ఈ చూపు పోయేలోగా హసింతో దగ్గర ఒక్కటి. ఒకే ఒక్క హిట్. ఎవరూ చప్పట్లు కొట్టనక్కర్లేదు.

ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ లేదనిపించింది. గడప దిగి, "కర్ర ఏదిరా?" అన్నాడు.

నూరిస్ చెంచా పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. "మోకాళ్ళకి నూనె రాయలేక నేను చస్తుంటే నీకు కర్ర కావాలా?"

"రానీ వదినా, రానీ" అన్నాడు హసింతో, క్షౌరం గుడ్డ దులుపుతూ. "సున్నాకి మేకప్పేసి పంపిస్తాను."

డామినోలు ఆడుతున్న ముసలాళ్ళు ముక్కలు బోర్లించారు. మూల కొట్టు ఫెలీపా పాటల పెట్టె గొంతు తగ్గించింది. తీలో వెనక ఒక విరిగిన కుర్చీ పెట్టారు, మూత తప్పితే దానికి తగలాలి.

మొదటి మూత వచ్చింది. తీలోకి హసింతో చెయ్యి కనబడింది, ఆ తర్వాత ఏమీ కనబడలేదు, మళ్ళీ కుర్చీ మీద టక్కుమన్న చప్పుడే. కర్ర ఎటో ఊగింది. అందరూ పగలబడి నవ్వారు.

"గాలికి విసిరావా కర్రని? మంచిదే, ఉక్కగా ఉంది!" అంది ఫెలీపా.

రెండో మూత హసింతో చెయ్యి జారి ఎటో పోయింది. తల మీంచి జానెడెత్తున, పక్కింటి గోడ వైపు. ఎంతటివాడైనా వదిలేసే మూత అది. తీలో దానికి కర్ర ఊపాడు.

వీధి ఇంకా గట్టిగా నవ్వింది. హసింతో నవ్వలేదు. చెడ్డ బంతికి తీలో బ్యాటు ఊపడం పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదతను. కళ్ళు చికిలించి తీలో మొహంలోకి చూశాడు. ఆ మొహం తన వైపే ఉంది గానీ, చూపు తన భుజం పక్కన ఎక్కడో ఆగింది. హసింతో మూతని చొక్కాకి తుడిచాడు. తుడిచిన మూతనే మళ్ళీ తుడిచాడు.

మూడోది మెల్లగా వచ్చింది. లేవలేదు, వంగలేదు, పసిపిల్లకి ముద్ద అందించినట్టు తిన్నగా కర్ర దగ్గరికే వచ్చింది. టోక్! మూత ఎగిరి ఫెలీపా కొట్టు రేకు దాటి అవతల పడింది.

ఇక చూస్కో! డామినో ముక్కలు గాల్లోకి లేచాయి. ఫెలీపా గిన్నె వాయించింది. "కొట్టాడ్రోయ్! మంగలాడి సున్నా పోయింది!" అని అరుపులు.

తీలో మాత్రం కదల్లేదు. కర్రకి ఎలాంటి మూత తగిలిందో చేతులకి తెలియదా? పొద్దుటి నుంచీ ఊరంతా ఇస్తూనే ఉంది, గేటు ఇచ్చింది, పలక ఇచ్చింది, పూలదండ ఇచ్చింది. పుట్టాక ఒక్కటీ ఊరికే ఇవ్వనివాడు వీడొక్కడే. వీడు కూడా ఇచ్చేశాడు. హసింతో ఉండాల్సిన వైపు మొహం తిప్పి, తల అడ్డంగా ఊపాడు, వాడికి మాత్రమే తెలిసేలా.

హసింతోకి అర్థమైంది. గుండెనిండా గాలి పీల్చుకుని, "తీగ!" అని అరిచాడు.

వీధంతా వాడి మీద విరుచుకుపడింది. "సిగ్గులేదురా నీకు? తీగకి బారెడు దూరంగా పోయింది!" "దొంగ మంగలీ! నీ చేత గడ్డం గీయించుకుంటే ఒట్టు!"

"తీగే! తగిలింది! నేను చూశాను!" అన్నాడు హసింతో, చెమట తుడుచుకుంటూ.

"ఎందుకీ గోల? కొట్టినాయన ఉన్నాడుగా" అంది నూరిస్ గుమ్మంలోంచి. "ఏమయ్యా, నువ్వు చెప్పు. తగిలిందా లేదా?"

అందరూ తీలో వైపు తిరిగారు. తగల్లేదంటే హిట్టు తనది, కానీ అది దానం. తగిలిందంటే అబద్ధం, ఆ వీధిలో తన కళ్ళు ఒక్కనాడూ ఆడని అబద్ధం. తీలో కర్ర మీద బరువు వేశాడు. ఒళ్ళంతా అలసటగా ఉంది. దాచడం కూడా ఒక పనేనని, తను ఆ పని చేసీ చేసీ అలిసిపోయానని అప్పుడు తెలిసొచ్చింది.

"నాకు కనబడలేదు, నూరిస్" అన్నాడు.

ముసలాళ్ళు నవ్వారు. "చూశావా, స్నేహితుణ్ణి బయటపెట్టలేక!" అన్నాడొకడు. "మంచివాడమ్మా" అంది ఫెలీపా.

నూరిస్ నవ్వలేదు. చెంచా గుమ్మం మీద పెట్టి, వీధి దాటి వచ్చింది. ఆయన చేతిలోంచి కర్ర తీసుకుంది. మోచెయ్యి కింద చెయ్యి వేసింది.

"పొద్దున చక్కెర కాఫీ కప్పులో కాకుండా పళ్ళెంలో వేసుకున్నావు" అంది మెల్లగా. "వయసొచ్చిందిలే అనుకున్నాను."

"లోపలికి పద. చెబుతాను."

ఇద్దరూ నడిచారు. ఇంటి ముందు ఆగి, "మెట్టుంది" అంది. ఆ ఇంట్లో కాపురానికొచ్చాక ఆ మాట ఆయనకి చెప్పడం అదే మొదలు. తీలో కాలు ఎత్తి పెట్టాడు.

వెనక వీధి ఇంకా మంగలిని తిడుతూనే ఉంది. తిట్లన్నీ దాటుకుని హసింతో గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా.

"వచ్చే ఆదివారం రారా, సున్నాగాడా! ఇంకోసారి ఊరికే ఇచ్చానంటే నా చెయ్యి విరిచెయ్!"

"వస్తాన్లే" అన్నాడు తీలో, వెనక్కి తిరక్కుండానే. ఈసారి మాత్రం కొంచెం నవ్వాడు.