తిమింగలం పట్టీల కార్సెట్

సముద్రాలవతల పాయింట్ కుక్‌లోని ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు కార్సెట్ కోసం పిలుపులు మొదలయ్యేవి. తన్మయి పాతసామాన్ల కొట్టులో కొనుక్కొచ్చిన, ఆడవాళ్లు నడుం బిగించి కట్టుకునే నూటముప్పై ఏళ్ల నాటి కార్సెట్ అది. తిమింగలం నోట్లోని పట్టీలను సన్నగా చీల్చి, రెండు పొరల బట్ట మధ్య నిలువునా దూర్చి కుట్టారు. తొడుక్కుని వెనక తాడు బిగిస్తే మరిచిపోయినవి గుర్తొచ్చేవి. తన్మయి తండ్రి వంశీధర్ చొక్కా మీదే బిగించుకుని కారు తాళాలు వెతుక్కునేవాడు. ఆలస్యమైతే విప్పకుండానే ఆఫీసుకు పోయేవాడు.

తన్మయి అమ్మమ్మ అలివేలు మాత్రం దాని జోలికి పోలేదు. డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. ఎన్ని మరిచిపోయిందో ఒక్కసారిగా తెలిసిపోతుందని ఆమె భయం.

ఆ శుక్రవారం నాలుగింటికల్లా తన్మయి యూనివర్సిటీ నాటకానికి కొత్త కార్సెట్ అందించాలి. బట్ట కత్తిరించింది అమ్మమ్మే. తెనాలిలో నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి, క్రాస్‌లో, నేతకు ఏటవాలుగా కత్తిరించింది. జాకెట్టు అలా అయితేనే ఒంటికి అతుక్కుంటుంది. కానీ పొద్దున స్టీలు పట్టీలు దూర్చి, మనిషెత్తు బొమ్మకు తొడిగి తాడు లాగితే, కార్సెట్ కాస్తా సాగి సంచిలా వేలాడింది.

"స్ట్రెయిట్‌గా కట్ చెయ్యాలి అమ్మమ్మా. ఇది సాగకూడదు," అంది తన్మయి, ఏడుపు ఆపుకుంటూ.

అలివేలు కూతురు వసంత కత్తెర తీసి అల్మారా మీద పెట్టేసింది. "చెప్పింది చెప్పినట్టే మరిచిపోతున్నావమ్మా. రేపు మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం."

అలివేలు కాసేపు ఖాళీ చేతులకేసి చూసుకుంది. తర్వాత లేచి, తలుపు వెనక కొక్కేనికున్న కార్సెట్ తీసి చీర మీదే తొడుక్కుంది.

"బిగించవే తన్మయీ. గట్టిగా."

ఒక్కో కన్నంలో తాడు బిగుస్తుంటే తెనాలి వచ్చేసింది. ఆది జాకెట్ల మూటలు, పెళ్లిళ్ల సీజన్లో గుమ్మం దాకా ఆడవాళ్లు, హనుమయ్యగారి కోడలి మెడ దింపు అంగుళాలతో సహా. ఒక్కటీ పోలేదు. ఆఖరి ముడితో మొన్న మంగళవారం కూడా వచ్చింది.

"నేరుగానా, క్రాసా అని అడిగాను వసంతా. నువ్వు పొయ్యి దగ్గరున్నావు. తన్మయికి ఫోన్ చేసి కనుక్కున్నావు. పెట్టేశాక, క్రాసే అన్నావు."

"నేను స్ట్రెయిట్ అనే చెప్పాను మమ్మీ," అంది తన్మయి.

వసంత ఫోన్ తీసి చూసుకుంది. మంగళవారం, ఆరు పది. మాట్లాడినట్టు అందులో ఉంది గానీ, ఆమె బుర్రలో లేదు. స్టూలెక్కి కత్తెర దించి తల్లి చేతిలో పెట్టింది.

ఇక మిషను ఆగలేదు. నేరుగా కత్తిరిస్తే, మిగిలిన బట్ట కార్సెట్‌కి కావలసిన పన్నెండు ముక్కలకు సరిగ్గా సరిపోయింది. అలివేలు కత్తిరిస్తుంటే తన్మయి కుట్టింది, వసంత పట్టీలు దూర్చింది. మూడు దాటాక తాడు లాగితే, బొమ్మ నడుం దగ్గర బట్ట ఇసుమంత కూడా సాగలేదు. తన్మయి అమ్మమ్మను ముద్దుపెట్టుకుని కారు దగ్గరికి పరిగెత్తింది.

అలివేలు తను తొడుక్కున్న పాత కార్సెట్ విప్పి కొక్కేనికి తగిలించబోయింది. ఈలోగా వసంత వచ్చి, వీపు చూపిస్తూ ఆమె ముందు నిలబడింది.

"నాకూ కట్టమ్మా," అంది. "మెల్లిగా."