నలభై ఒకటో నంబరు మైనంబిళ్ల

ఆ ల్యాబులో ఆమెను అందరూ మైనమక్క అనేవారు. ఆపరేషన్లలో తీసిన ముక్కలను మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలకల మీదికి ఎక్కించడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని. చెయ్యి వణకదు, నోరు ఊరుకోదు.

ఆ ఏడాది ల్యాబు నడిపే డాక్టరమ్మ బీరువాలోంచి పాత మైనంబిళ్లలు తీయించింది. పన్నెండేళ్ల కిందట కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న తొంభై నాలుగు మందివి. కణాన్ని కణానికి అతికించి ఉంచే ప్రోటీన్ ఒకటుంది. రంగు వేస్తే, అది ఉన్నచోట కణాల అంచులు గోధుమరంగులో తేలతాయి. అది పోయిన కణాలు జట్టు విడిచి ఒంట్లో మరోచోటికి పాకుతున్నాయా? ఆ గుర్తును బట్టి ఎవరికి జబ్బు పాకుతుందో ముందే పసిగట్టవచ్చా? ఇదీ డాక్టరమ్మ ప్రశ్న. ముందు పలకలన్నీ చూసి, ఫలితాలు రాసి, కవర్లో పెట్టి అంటించారు. ఆ తర్వాతే ఎవరెలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్లు చేసే పని మైనమక్క నెత్తిన పడింది.

"నీకు మాట్లాడ్డం ఇష్టమేగా?" అంది డాక్టరమ్మ.

"ఇష్టమే. కానీ ఇలాంటి మాటలా, తల్లీ!"

నిజంగానే కష్టమైన మాటలు. ఒకాయన కూతురు ఏడ్చి, ఏడ్చి, చివరికి "ఇన్నేళ్లకి మా నాన్న గురించి అడిగారు, సంతోషమండీ" అంది. ఆ పూట మైనమక్క ఇంకో నంబరు నొక్కలేకపోయింది.

నలభై ఒకటో నంబరు ఒక తాపీమేస్త్రిది. పిడికిలంత గడ్డ, ఆశ తక్కువ అని పాత ఫైల్లో రాసి ఉంది. ఆయన భార్య ఫోనెత్తింది.

"మేస్త్రిగారున్నారాండీ?"

"లేరమ్మా."

మైనమక్క పెన్ను కింద పెట్టింది. "అయ్యో! ఎప్పుడు పోయారండీ?"

"తొమ్మిదింటికి పోయారు."

"ఏ రోజండీ?"

"ఏ రోజేంటి, ఇవాళే!"

మైనమక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇవాళా! మరి మీరింత నిబ్బరంగా..."

"నిబ్బరం దేనికమ్మా, రోజూ పోయేదేగా! ఒంటిగంటకి అన్నానికొస్తారు. ఏమన్నా చెప్పమంటావా?"

మైనమక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కాస్త తేరుకున్నాక సంగతి చెప్పి, ఇద్దర్నీ ఒకసారి రమ్మంది.

మేస్త్రి వస్తాడనుకోలేదు. నాలుగేళ్లుగా ఆయన ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. లోపలికెళితే మళ్లీ ఏదో ఒకటి బయటపెడతారని భయం. అయినా తన లోపలి ముక్క ఇంకా భద్రంగా ఉందని విని, దాన్ని చూడాలని వచ్చాడు. అప్పటికి ఫోన్లన్నీ అయి, కవరు తెరిచారు. చేతుల్ని రెండుసార్లు లుంగీకి తుడుచుకుని మైక్రోస్కోపు మీదికి వంగాడు.

గోడ పనితనం చూసినట్టు మూలమూలా చూశాడు.

"ఇటుకలు వంకర టింకరగా ఉన్నాయమ్మా. పని తెలియనోడు కట్టినట్టుంది," అన్నాడు. "కానీ సిమెంటు మాలు బాగా పట్టింది. ఇటుకకీ ఇటుకకీ మధ్య ఎక్కడా వదల్లేదు."

"అదే మేం వెతుకుతున్న గుర్తు," అంది డాక్టరమ్మ. "పెద్దగడ్డే. కానీ ఉన్నచోటే ఉంది. మొత్తం తీసేయగలిగారు."

భార్య మూతి ముడిచింది. "అంటే మాలు వల్లేనా? నేను మూడు పూటలా మెత్తగా వండి కొసరి కొసరి పెట్టిందంతా గంగలో కలిసినట్టేనా?"

"ఈ గుర్తు జబ్బు సంగతే చెబుతుందమ్మా," అంది డాక్టరమ్మ. "సగం కడుపు కోసేశాక కూడా మనిషిని నిలబెట్టిన గొప్ప మాత్రం మీదే."

ఆమె కొంగు సర్దుకుని భర్త వైపు చూసింది, విన్నావా అన్నట్టు.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. "మరి మాలు వదిలేసినోళ్లు?"

మైనమక్క దాచలేదు. "చాలామంది లేరన్నా. కొందరున్నారు. మాలు పట్టినవాళ్లలోనూ పోయినవాళ్లున్నారు. ఇదొక్కటే చూసి జాతకం చెప్పలేం."

ఆయన తలాడించాడు. పక్కబెంచీ మీద ఆ తొంభై నాలుగు బిళ్లలూ వరుసగా ఉన్నాయి. "అయితే నన్నూ ఇప్పుడోసారి చూసెయ్యండి," అన్నాడు చివరికి. "ఊరికే భయపడి ప్రయోజనమేంటి!"

మర్నాడు ఎండోస్కోపీ చేశారు. కడుపు శుభ్రంగా ఉంది. ఆ మాట విని మేస్త్రి బాగానే ఉన్నాడు. భార్యే బల్ల మీద కూలబడి, పన్నెండేళ్ల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది. మైనమక్క మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది.

ఫలితాలు డాక్టరమ్మ అనుకున్న దారిలోనే ఉన్నాయి. కానీ తొంభై నాలుగు మంది చాలరని మరో మూడు ఆసుపత్రులు కలిశాయి. కొత్త బిళ్లలు పెట్టెలకొద్దీ దిగాయి. మైనమక్క విసుక్కుంటూనే ఒక్కోటీ కోస్తోంది.

ఏడాది తిరిగాక మేస్త్రి పరీక్షకు అరగంట ముందే వచ్చాడు, చేతిలో తాపీ, బకెట్టు. ల్యాబులో ఫ్రిజ్ వెనక గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోందట, పోయినసారే చూశాడట. ఎవరినీ అడక్కుండా గీకడం మొదలుపెట్టాడు.

భార్య స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎడమపక్క వదిలేశావ్, సరిగ్గా చూడు."

"చూస్తున్నానే, తొందరెందుకు? మనకి బోలెడంత టైముంది," అన్నాడు మేస్త్రి.