కర్త లేని ఊరు

"స్టవ్ కాస్త తగ్గించి, ఈ చివరి అధ్యాయం చూసిపెట్టు" అంటూ భర్త ప్రూఫుల కట్టని తడి గట్టు మీదే పెట్టి వెళ్ళాడు. ముందుగదిలో ప్రచురణకర్తా, ఇద్దరు మిత్రులూ భోజనానికి కూర్చుని ఉన్నారు. సాయంత్రానికల్లా నవల ప్రెస్సుకి వెళ్ళిపోవాలి.

ప్రూఫులు దిద్దడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో దిద్దితే జీతం, ఇంట్లో దిద్దితే దాని పేరు ప్రేమ. ముందుమాటలో "నా శ్రీమతి సహనానికి" అని ఒక ముక్క పడేస్తాడు. అందులో అచ్చుతప్పులు కూడా ఆమే చూసుకోవాలి. ఈ నవల రాసినన్నాళ్ళూ మిక్సీ వేయడానికి వేళలు చూసుకుంది. ఓసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంలో పడుకుంటే, "వాడు రాసుకుంటున్నాడు, ఆ మూలుగు కాస్త మెల్లగా" అన్నారు అత్తగారు.

చేతులు తుడుచుకుని చదివింది. అది ఆదర్శ నగరం. పోలీసుల్లేరు, తాళాల్లేవు, యజమానుల్లేరు. అందరూ నది ఒడ్డున కూర్చుని స్వేచ్ఛ గురించి మాట్లాడుకుంటారు. వేళకి భోజనం వడ్డించబడుతుంది. బట్టలు ఉతకబడతాయి. పిల్లలు పెంచబడతారు. పెన్సిల్ ఆగిపోయింది. ఎవరిచేత? పేజీలన్నీ తిరగేసింది. ఇలాంటి ఒక్క క్రియకీ కర్త లేదు.

ముందుగదిలోకి వెళ్ళి అదే అడిగింది. ఆవిడ స్వర్గంలోకి కూడా చీపురు పట్టుకొస్తున్నారని ఒక మిత్రుడు జోకేశాడు. అవన్నీ వాటంతటవే జరిగిపోతాయండీ అన్నాడు ప్రచురణకర్త. భర్త మాత్రం నవ్వలేదు.

"అచ్చుతప్పులు చూడమన్నాను. ఆలోచించమన్లేదు."

ఆమె ఒళ్ళు భగ్గుమంది. పీడకలలాంటి రాజ్యాల గురించి ఇతను గంటలకొద్దీ ఉపన్యాసాలిస్తాడు. అక్కడ మనుషులకి పేర్లుండవట, ఎప్పుడు లేవాలో ఇంకెవరో నిర్ణయిస్తారట, గడప దాటాలంటే కారణం చెప్పుకోవాలట. చెప్తూ చెప్తూ గొంతు వణికించుకుంటాడు. ఆ గొంతుకి వేడినీళ్ళు కాచి తెచ్చేది తను. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా ఆ గ్లాసు అందుకుంటూ, ఇచ్చిన చేతిని చూశాడా?

వంటింట్లో అత్తగారు వెల్లుల్లి వలుస్తున్నారు. "ఏమిటే అక్కడ గొడవ?"

ఆ మూడు వాక్యాలూ చదివి వినిపించింది. పెద్దావిడ వలవడం ఆపారు.

"వాడి ఊళ్ళో నేనేం చేస్తున్నానూ?"

"మీరు లేరత్తయ్యా. నేనూ లేను."

పెద్దావిడ తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయారు. ఆమె స్టవ్ కట్టేసింది. కట్టని తీసుకెళ్ళి ప్రచురణకర్త ముందు పెట్టింది.

"ఇది నేను దిద్దనండీ. ఇందులో మనుషులు తగ్గారు."

భర్త ముఖం కందగడ్డ అయింది. అతిథుల ముందు ఈ నాటకమేమిటన్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంది. ఎక్కడికని అడిగాడు. కారణం చెప్పాలనిపించలేదు. తలుపు తీస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినబడింది. తిట్టడానికే వస్తున్నారనుకుని నిలబడింది.

అత్తగారు కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొడుకు ముందునుంచే నడిచి, గుమ్మం దగ్గర వంగారు.

"మనం లేని ఊరికి మనం వండటమేమిటే! ఉండు, నా చెప్పులు కనబడ్డం లేదు."