ఒకే అడ్రస్

గీతాంజలి చాలా ఏళ్ళు ఫార్మసిస్ట్‌గా పనిచేసి రిటైరైంది. భర్త పోయాక అమెరికాలో, అరోరా అనే ఊళ్ళోని పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆమె స్నేహితురాలు ప్రమోద పెళ్ళి చేసుకోలేదు. దగ్గర్లోనే ఓ అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. రేపు మంచాన పడితే, చూసుకునే మనిషికి జీతమిచ్చే ఇన్సూరెన్స్ తీసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. గీతాంజలికి దొరికింది. షుగర్ బాగా ఎక్కువని ప్రమోదకు మాత్రం కంపెనీ కాదంది.

"ఆంటీ, సమ్మర్‌లోపు షుగర్ తగ్గించుకోండి, మళ్ళీ అప్లై చేద్దాం," అన్నాడు ఏజెంట్ కౌస్తుభ్.

ప్రమోద ముఖం చిన్నబోయింది. "జబ్బు లేనివాళ్ళకే అమ్ముతారన్నమాట."

"ఇల్లు అంటుకున్నాక ఎవడిస్తాడే? పద, బట్టలు సర్దుకో. సమ్మర్ దాకా మా ఇంట్లోనే," అంది గీతాంజలి.

మొదట్లో రోజూ కొట్లాటే. గీతాంజలి కొర్రన్నం వండితే, "ఇది మనుషులు తినేదేనా?" అని ప్రమోద కంచం జరిపేసేది. బయట మంచు పడుతుంటే గీతాంజలి ఆమెను మాల్‌కి తీసుకెళ్ళి ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిపించేది. బేకరీ వాసన తగిలితే చాలు, ప్రమోద కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సి వచ్చేది.

ఒకరోజు మెట్లు దిగుతూ గీతాంజలి తూలి, రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?" అంది ప్రమోద.

"అప్పుడప్పుడూ. పెద్దదేం కాదులే."

"నా షుగర్‌కి కాపలా కాస్తున్నావు, నీ సంగతి ఎవరు చూస్తారు?"

ఆ వారమే ప్రమోద ఆమెను కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళి అద్దాలు మార్పించింది. మంచం కింది గదిలోకి దింపించింది. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించింది. తూలడం తగ్గింది.

ఎండలు ముదిరేసరికి ప్రమోద షుగర్ దిగింది. పాలసీ మంజూరైంది. కౌస్తుభ్ నవ్వుతూ వచ్చాడు.

"ఒకే ఇంట్లో ఉండే ఇద్దరికి ప్రీమియం తగ్గుతుంది ఆంటీ. మీ అడ్రస్ ఏదని పెట్టమంటారు?"

"ఈ ఇల్లే," అంది ప్రమోద.

"అబద్ధమెందుకే? నీ అపార్ట్‌మెంట్ ఉందిగా!"

"ఎప్పుడో వదిలేశాను. సామానంతా అద్దె స్టోరేజ్‌లో ఉంది."

"మరి నాకు చెప్పవేం?"

"చెబితే వంట కూడా నన్నే చెయ్యమంటావని!"

కౌస్తుభ్ పకపకా నవ్వాడు. గీతాంజలి కళ్ళు తుడుచుకుంటూ గ్యారేజ్‌లోకి వెళ్ళింది. భర్త కారు అమ్మేశాక ఆ చోటంతా అట్టపెట్టెలతో నిండిపోయింది. వాటిని ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లోపలికి కేకేసింది.

"అక్కడే కూర్చున్నారేం? రోడ్డు మీదున్న దీని కారుకి చోటు చెయ్యొద్దూ? వచ్చి ఓ చెయ్యి వెయ్యండి!"