ఏ గుంపుకీ చెందని చప్పుళ్లు

ఏళ్ల తరబడి మూసి ఉన్న గనిని కొత్త కంపెనీ మళ్లీ తెరుస్తానంది. లోపలి అదురును బట్టి ప్రమాదాన్ని ముందే పసిగట్టే అలారం పెట్టాలి. అందుకని పాత సెన్సర్లు పట్టిన అదుర్లను గుంపులుగా విడదీసే పని ఆమెకు వచ్చింది. పేలుళ్లు ఒక గుంపు, ట్రాలీల రాకపోకలు ఒక గుంపు, రాయి బీటలివ్వడం ఒక గుంపు.

అప్పట్లో ఆ గని పైకప్పు కూలి లోపల చిక్కుకుపోయి, ఎంత గాలించినా దొరకనివాళ్లలో ఆమె అన్నయ్య ఉన్నాడు.

"కష్టమనిపిస్తే ఇంకొకరికి ఇస్తానమ్మా," అన్నాడు ఆమె ఆఫీసు మేనేజరు.

"వద్దు సార్, నేనే చేస్తాను."

తెర మీద ఒక్కో అదురూ ఒక్కో చుక్క. మొదట అందరూ వాడే గంట ఆకారపు వక్రరేఖతోనే చేసింది. మధ్యకు బాగా దూరంగా చుక్క పడటం దాదాపు అసాధ్యమని నమ్మే లెక్క అది. తీరా అలాంటిది ఒక్కటి పడితే గుంపు మొత్తం దానివైపు సాగిపోతుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమయ్యాయి.

"ఆ దూరపువన్నీ చెత్త. అప్పట్లో పాత కంపెనీవాళ్లూ లెక్కలోంచి తీసేశారు, తీసెయ్," అన్నాడు మేనేజరు.

ఆమెకు చేతులు రాలేదు. తోక బరువైన వక్రరేఖ పెట్టి చూసింది. దూరపు చుక్కలు కూడా వస్తూనే ఉంటాయని ఒప్పుకునే లెక్క ఇది. వాటిని వెళ్లగొట్టదు. అలాగని పెత్తనమూ ఇవ్వదు. ఎంత దూరమైతే అంత పట్టు తగ్గిస్తుంది. సాయంత్రానికల్లా గుంపులు ఎక్కడివక్కడ సర్దుకున్నాయి.

తెర మూలన కొన్ని చుక్కలు మిగిలాయి. ఏ గుంపుకీ చెందవు. కానీ వాటిలో అవి మాత్రం భుజాలు రాసుకుని కూర్చున్నట్టు దగ్గరగా ఉన్నాయి.

తారీఖులు చూసింది. అన్నీ పైకప్పు కూలిన తరవాతవి. కొన్నయితే గాలింపు కూడా ఆపేశాక వచ్చినవి. ఆ అదురును శబ్దంగా మార్చి చెవులకు పెట్టుకుంది.

టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్, టక్, టక్.

మేనేజరు కూడా విన్నాడు. "రాళ్లు సర్దుకుంటున్నాయేమో..."

"రాళ్లు ఆయాసం తీర్చుకోవడానికి ఆగవు సార్."

ఆయన గని కంపెనీకి ఫోన్ చేశాడు.

ఆ తరవాత కుళాయి కారినా, పక్కింట్లో మేకు కొట్టినా ఆమె ఉలిక్కిపడేది. వదినకు చెప్పాలా వద్దా అని కొట్టుమిట్టాడి, చివరికి వెళ్లి చెప్పేసింది. వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"వినిపించు," అంది.

కళ్లు మూసుకుని వింది. ఇంకోసారి వింది.

"ఆయన కాదు."

"వదినా..."

"మీ అన్నయ్యకి ఇంత నిదానం ఎక్కడిదే? ఆయన తలుపు కొడితే వీధంతా లేచేది. ఇదెవరో వేరే మనిషి. ఆ ఇంట్లోవాళ్లకి తెలియాలి కదా, పద."

గనిలో చిక్కుకున్నవాళ్ల ఇళ్లన్నీ ఇద్దరూ తిరిగారు. ఒక ముసలాయన ఫోన్ చెవికి అదుముకుని "మావాడే" అన్నాడు. ఎంతకీ తిరిగివ్వలేదు. తరవాతి ఇంట్లో ఒకావిడ "మా ఆయనే, నాకు తెలీదూ?" అని కూలబడిపోయింది. ప్రతి ఇంట్లోనూ అది వాళ్ల మనిషిదే అయింది. కాదని వీళ్లు ఎవరితోనూ అనలేదు.

ఆ ఇళ్లవాళ్లందరూ కంపెనీ గేటు ముందు కూర్చుంటే, గని తెరవడానికి ముందే కంపెనీవాళ్లకి కూలిన చోటు తవ్వించక తప్పలేదు. రాళ్ల అవతల చిన్న ఖాళీ. కొందరు గోడకు ఆనుకుని పక్కపక్కనే ఉన్నారు. వాళ్ల మధ్య ఒక సుత్తి పడి ఉంది. ఎవరి చేతిలోంచి జారిందో ఎవరూ చెప్పలేకపోయారు. అన్నయ్య మాత్రం ఇవతలే, రాళ్ల కిందే దొరికాడు. క్షణంలో పోయి ఉంటాడన్నాడు డాక్టరు.

"బాధపడకుండా వెళ్లిపోయాడు, అదే నయం," అన్నారు అందరూ. వదిన తలూపింది.

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. ఉన్నట్టుండి వదిన, "ఆ చప్పుడు నీ దగ్గరుందా? పెట్టు," అంది.

"అది అన్నయ్యది కాదు కదా వదినా!"

"తెలుసే. వాళ్లందరికీ ఏదో ఒకటి మిగిలింది. నాకు అదీ లేదు."

ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. దిగాల్సిన స్టాపు వచ్చింది, దాటిపోయింది. ఇద్దరూ లేవలేదు.