వాసన లేని చుంచు

దయానందం సారుకు చుంచుల పిచ్చి. జమ్మలమడుగులో తక్కిన మాస్టర్లు సాయంత్రమైతే ట్యూషన్లు చెప్పుకునేవారు, కాదంటే పేకాడుకునేవారు. ఈయన మాత్రం చచ్చిన చుంచు తోలు వలిచి, లోపల దూది కూరి, కాలికి దారంతో చీటీ కట్టి, పెట్టెలో వరసగా పడుకోబెట్టేవాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి లోకం ఎగతాళి చేస్తుంది. ఎలుక కూడా కానిదాని కోసం కొండ తవ్వేవాణ్ణి ఏమనాలో ఆ ఊరికి తోచలేదు. చుంచు ఎలుక జాతి కాదనీ, పళ్లు చూస్తే ఆ సంగతి తెలుస్తుందనీ ఆయన కనిపించినవాడికల్లా చెప్పేవాడు. కనిపించినవాడు ముక్కు మూసుకుని తప్పుకునేవాడు.

తప్పుకోనివాడు ఒక్కడే, గఫూర్. హైస్కూలు లాబొరేటరీలో అటెండరు. గాజు సామాను కడగడం, కోసి చూపడానికి కప్పలు పట్టి తేవడం అతని ఉద్యోగం. చుంచులు పట్టడం ఉద్యోగంలో లేదు. సారు అడిగాడు గనుక పట్టాడు, పన్నెండేళ్లు పట్టాడు. చుంచు కంపు ఒకసారి చేతికంటితే సీకాయ పెట్టి రుద్దినా మూడు రోజులు వదలదు. గఫూర్‌కు మూడు రోజుల ఎడం ఎప్పుడూ దొరకలేదు.

యాభై ఏడు వేసవిలో, గండికోట దారిలో నాపబండల గనుల దగ్గర, పేర్చిన బండల సందులో అతనొకదాన్ని పట్టాడు. రేకు డబ్బా మూత కొంచెం తెరిచి సారు ముక్కు దగ్గర పెట్టాడు.

"దీనికి వాసన ల్యా సార్," అన్నాడు.

సారు వాసన చూశాడు, మళ్లీ చూశాడు. నిజమే, తడిమట్టి వాసన తప్ప మరేమీ లేదు. ఇళ్లలో తిరిగే చుంచులో సగం కూడా లేదు ఆ జీవి. ఒళ్లు బొగ్గు నలుపు. కంపు పుట్టించే గ్రంథి ఉండాల్సిన పక్కల్లో ఉత్త వెంట్రుకలే ఉన్నాయి. తల ఉడికించి, సూదితో కండ తీసి, భూతద్దం కింద పెడితే పై దవడలో నాలుగో చిన్న పన్ను గసగస గింజంత ఉంది. ఆయన దగ్గరున్న ఏ పుస్తకంలోనూ అటువంటి పన్నున్న చుంచు లేదు. దేవుడు జంతువులన్నింటినీ ఆదాము దగ్గరికి తోలుకొచ్చి పేర్లు పెట్టించాడు గదా, ఈ ఒక్కటి ఏ బండ సందులోనో తప్పించుకుని తన దాకా వచ్చిందనుకున్నాడు. తలుపేసుకుని మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు.

కలకత్తాలో ఇలాంటి చిన్న జంతువులను చదివిన పెద్దాయన ఒకరున్నారు. దయానందం కొలతలన్నీ రాసి ఆయనకు పంపాడు. ఇది కొత్త జాతే కావచ్చు, కానీ మీకు దొరికింది ఆడది ఒక్కటే, ఒక మగదాని పుర్రె కూడా చూడకుండా అచ్చుకు పంపడం మంచిది కాదని ఆయన జవాబు రాశాడు. ఆ ఉత్తరాన్ని సారు గఫూర్‌కు చదివి వినిపించాడు. వినిపించి ఊరుకుని ఉంటే బాగుండేది. వానాకాలం పోకముందే దొరికితే బాగుండునని ఒక మాట కూడా అన్నాడు.

ఆ ఆదివారం వాన వెలిసీ వెలవకముందే గఫూర్ గనుల దగ్గరికి పోయాడు. నానిన నేల మీద బండల దొంతర ఒరిగి అతని రొమ్ము మీద పడింది. ఎద్దుల బండిలో వేసుకుని వస్తుంటే ఊరు చేరకముందే ప్రాణం పోయింది. చేతిలోని రేకు డబ్బాను మాత్రం ఎవరూ విడిపించలేకపోయారట. అందులో మగ చుంచు బతికే ఉంది.

దయానందం దాన్ని చంపి, తోలు వలిచి, దూది కూరాడు. ఇంకేం చేయగలడు? వదిలేస్తే గఫూర్ చావుకు అర్థమే ఉండదు, వదలకపోతే తన ముఖం తనే చూసుకోలేడు.

గఫూర్ భార్య గుల్జార్‌బీ నలభైరోజులు కాగానే బిడ్డను తీసుకుని పులివెందులలో తమ్ముడు దావూద్ ఇంటికి వెళ్లిపోయింది. పోయేముందు సారుకు చెప్పలేదు. తన మీద కోపమనుకున్నాడాయన. కోపముండడం న్యాయమే అనుకున్నాడు. చచ్చినవాణ్ణి తేలేడు, ఆమె కళ్లలోకి చూసే ముఖమైనా సంపాదించుకోవాలి. దానికి ఆయనకు తోచిన దారి ఒక్కటే.

కొత్త జాతికి పేరు పెట్టే హక్కు దాన్ని వర్ణించి రాసినవాడిది. మీ పేరో, ఎవరైనా పండితుడి పేరో పెట్టుకోండని కలకత్తా పెద్దాయన సలహా ఇచ్చాడు. దయానందం వినలేదు. ఆ శాస్త్రంలో ఒక కట్టుబాటుంది. సరిగ్గా అచ్చయిన పేరును, నచ్చలేదని తర్వాత ఎవరూ మార్చలేరు, పెట్టినవాడు కూడా మార్చలేడు. కళ్లముందే ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రేపు ఇంకేం వస్తుందో తెలియదు. ఈ పేరు మాత్రం ఉంటుంది. ఒక అటెండరుకు ఇంతకంటే పెద్ద సమాధి ఎవరు కట్టగలరనుకున్నాడు. ఏడాదిన్నర కూర్చుని వ్యాసం రాశాడు.

యాభై తొమ్మిదిలో అచ్చయి వచ్చింది. మొదటి పేజీకి ప్రొద్దుటూరులో అద్దం కట్టించి, గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాడు. ఎర్రగుంట్లలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నాడు. వీరపునాయునిపల్లె దాటేదాకా ఒళ్లోని పటాన్ని పక్కవాడి మోచెయ్యి తగలకుండా కాచుకున్నాడు. ఆమె ముందు ఏమనాలో లోలోపల పదిసార్లు చెప్పుకున్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

దావూద్ సైకిళ్ల అంగడి మూసి మరీ ఆయన్ను ఇంట్లోకి తీసుకుపోయి కుర్చీ వేశాడు. గుల్జార్‌బీ తలుపు వార నిలబడింది. చిక్కిపోయింది. బిడ్డ ఆమె కొంగు పట్టుకుని చూస్తోంది. సారు గుడ్డ విప్పి పటం బయటికి తీశాడు. గఫూర్ పట్టినది లోకంలో ఎవరూ ఎరగని జాతి అనీ, అది దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కిందనీ, దానికి గఫూర్ పేరు పెట్టాననీ చెప్పాడు. దావూద్‌కు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. పైన వంకరగా అచ్చేసిన రెండు మాటల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"రెండోది మా బావ పేరు మాదిరుంది. ఈ మొదటి మాటేంది సార్, సుంకస్ అని?"

"సుంకస్ అంటే చుంచప్పా. రెండో మాట గఫూర్. రెండూ కలిపి చదవాల," అన్నాడు సారు ఉత్సాహంగా. తనే కలిపి తెలుగులో చదివాడు. "చుంచు గఫూర్."

దావూద్ వేలు వెనక్కి తీసుకున్నాడు. బిడ్డ తల్లి కొంగులో ముఖం దాచుకుంది.

"ఆ పేరు పడలేకనే కదా సార్ ఊరిడిసిపెట్టి వచ్చింది," అంది గుల్జార్‌బీ.

గొంతు పెంచలేదామె. జమ్మలమడుగులో వీధి వీధంతా అతన్ని అదే పేరుతో పిలిచేవారట. కొళాయి దగ్గర బిడ్డను చుంచు బిడ్డ అనేవారట. జనాజా పోతుంటే కూడా ఎవరో, పోయిందెవరంటే, చుంచు గఫూరు అన్నారట. అది ఆమె చెవిన పడింది.

"పనినుంచొచ్చి సబ్బు పెట్టి చేతులు తోముకుంటా ఏడుస్తాండె సార్ ఆయప్ప."

నాతో ఒక్కరోజూ అనలేదే అన్నాడు దయానందం.

"మీతో ఎట్లంటాడు? ఆ పేరు మీ క్లాసులో పుట్టిందంట. మీ నోట్లోనుంచే వచ్చిందంట."

ఆయనకు గుర్తొచ్చింది. ఎవరో పిల్లవాడు, చుంచులు యాడ దాక్కుంటాయి సార్ అని అడిగాడు. పాముకాళ్లు పాముకెరుక అన్నట్టు, చుంచు దారి చుంచుకే ఎరుక, మన గఫూర్‌ను అడగండి అన్నాడు తను. క్లాసంతా గొల్లుమంది. బీకర్లు తుడుస్తున్న గఫూర్ కూడా నవ్వాడు. ఎనిమిదేళ్లయింది. ఒక్కరోజు నవ్వి మరిచిపోయిన మాటను ఆ మనిషి బతికినన్నాళ్లూ మోశాడు. మోస్తూనే చుంచులు పట్టి తెచ్చి ఇచ్చాడు.

"ఇది వాసన లేనిదమ్మా," అన్నాడు సారు. "ఆ తేడా కనిపెట్టింది గఫూరే. అదే దాని గొప్ప."

"ఆ ముక్క జనానికి యాడ తెలుస్తాది సార్?"

ఆమె పటం వైపు చూసింది. దాన్ని ముట్టుకోలేదు.

"అచ్చు పుస్తకంలో ఉంటే బిడ్డ బిడ్డలకు గూడా పోదు గదా. కొట్టేయించేదానికి కుదురుతాదా సార్?"

పుస్తకం అప్పటికే కలకత్తా దాటిపోయింది, లండను దాకా చేరి ఉంటుంది. అచ్చయిన పేరును ఎవరూ కొట్టేయలేరని ఆ ఇంట్లో తెలిసినవాడు ఆయనొక్కడే. కొలతలో వెంట్రుకవాసి తేడా వస్తే తిరిగి మొదటినుంచీ కొలిచే మనిషి. ఎక్కడా లేనిది ఉన్నట్టు ఒక్క ముక్క రాయనివాడు.

"కుదురుతుందమ్మా," అన్నాడు. "రేపే కలకత్తాకు రాస్తా. కొట్టేస్తారు."

గుల్జార్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. రెండేళ్ల బరువు దిగిపోయినట్టు గోడకానుకుని కింద కూర్చుంది.

"ఆయప్ప ఎప్పుడూ చెప్తాండె సార్," అంది. "మా సారు నోట అబద్ధం రాదు అని."

దావూద్ టీ తెప్పించాడు. తాగి పొమ్మని ఆమె పట్టుబట్టింది. బిడ్డ కొంగు వదిలి వచ్చి సలాం చేసి, గ్లాసు తనే అందించింది. దయానందం వాళ్ల ముగ్గురి ముందూ కూర్చుని దాన్ని చివరిదాకా తాగాడు.