నానమ్మ మోకాలు

"రెండు పరీక్షలకీ పొంతన కుదరడం లేదమ్మా," అంది చెవి పరీక్షలు చేసే అమ్మాయి. "శబ్దం వినగానే చెక్కముక్క డబ్బాలో వేసే ఆటలో, పోయినసారి పాప చిన్న కూతకి కూడా ముక్క వేసింది. ఇవాళ నిద్రలో తలకి తీగలు అంటించి చూస్తే, ఎంత పెద్ద శబ్దానికీ మెదడు నుంచి జవాబు లేదు."

"ఆ తీగల్లోనే ఏదో లోపం," అంది నానమ్మ. "నిద్రపోయే పిల్ల ఏం చెబుతుంది? మెలకువగా ఉన్నప్పుడు చెప్పిందిగా మా పిచ్చుక!"

పాపకి మూడేళ్లు. పిలిస్తే తిరగడం లేదని ఏడాదిగా మొత్తుకుంటున్నది కోడలు ఒక్కతే. "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే" అని ఆమె నోరు మూయించింది అత్తగారే. పోయినసారి ఫలితం చూసి, "బంగారంలాంటి పిల్లకి చెవుడు అంటగట్టబోయింది మా కోడలు" అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి నవ్వింది కూడా.

"ఆట ఇంకోసారి ఆడిద్దాం. పోయినసారిలాగే ఒడిలో మీరే కూర్చోబెట్టుకోండి. ఈసారి మాత్రం ఇవి పెట్టుకోవాలి," అంటూ ఆ అమ్మాయి నానమ్మ చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం అవతలికి వెళ్లింది.

హెడ్‌ఫోన్లలో కుళాయి విప్పేసినట్టు ఒకటే హోరు. స్పీకర్లో ఏ కూత వచ్చినా నానమ్మకి ఇక వినపడదు.

పిచ్చుక చెక్కముక్కని చెంపకి ఆనించుకుని సిద్ధంగా కూర్చుంది. అవతల ఆ అమ్మాయి మీట నొక్కింది. ముక్క కదల్లేదు. మళ్లీ నొక్కింది. గది మూలనున్న కోడలు ఆ శబ్దానికి ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. ముక్క మాత్రం చెంప దగ్గరే ఉంది.

పిచ్చుక తల తిప్పి నానమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత ఆమె మోకాలి మీద బుల్లి చేత్తో తట్టింది, ఊఁ, కానీ అన్నట్టు.

నానమ్మకి తల కొట్టేసినట్టయింది. పోయినసారి కూత వినపడ్డప్పుడల్లా, "వెయ్యవే తల్లీ" అని మనసులో అనుకుంటూ మోకాలు ఎగరేసింది తనే. పాప ముక్క వేసింది ఆ కుదుపుకి.

బయటికి వచ్చాక కోడలి ముఖం చూడలేకపోయింది.

"ఆ రోజు నా కాలు కదిలిందే అమ్మాయ్. అదే దానికి సైగ."

కోడలు పాపని ఎత్తుకుంది. "అందరికీ ఫోన్లు చేశారుగా అత్తయ్యా. ఇదీ మీరే చెప్పండి."

నానమ్మ ఫోను తీసింది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్విన తన కూతురికే ముందు కలిపింది.

"మీ వదిన చెప్పిందే నిజం," అంది, పక్కనున్న కోడలికీ వినపడేలా.